గోడవైపు తిరిగి వాయించిన బాపు

మేము కాగజ్‌నగర్ కాగితం మిల్లు క్వార్టర్లలో ఉండే కాలం... నాకు పదేళ్లుంటాయేమో. ఒక మధ్యాహ్నం పాస్టరు గారు సైకిలు దిగీ దిగకుండానే బాపును, అంటే మా నాన్నను, పిలిచారు. మిల్లు క్లబ్బు వార్షికోత్సవానికి బొంబాయి నుంచి జాజ్ బ్యాండు వచ్చిందట... అందులో ట్రంపెట్ వాయించే ఆయనకు రైల్లోనే జ్వరం పట్టుకుందట. సాయంత్రం ఆయన జాగాలో బాపు వాయించాలట.

బాపు మిల్లులో వెదురు గుజ్జు ఉడికించే దగ్గర పనిచేసేవాడు. ఆదివారాలు మాత్రం చర్చిలో కార్నెట్... అంటే ట్రంపెట్‌కు చెల్లెలు లాంటి చిన్న ఇత్తడి బూర. మిషన్ బడిలో నేర్చుకున్నాడు. కాగితం మీద స్వరాలు రాసి ఉంటే చాలు, ఏదైనా వాయించేవాడు.

అవ్వ, అంటే మా అమ్మ, చెంబులో నిప్పులు పోసి తెల్ల అంగీ ఇస్త్రీ చేసింది. నేను ఊరుకుంటానా... మా లైనులో ప్రతి గడపకూ పోయి చెప్పొచ్చాను. బళ్లో నాతో చదివే వాళ్లందరినీ రమ్మన్నాను. సాయంత్రం క్లబ్బులో ముందు వరుసలో చాప వేసుకుని కూర్చున్నాం.

ఆ బ్యాండును ఎలా చెప్పను... మనిషంత ఎత్తు ఫిడేలు ఒకటి, డ్రమ్ములు, పియానో, బంగారు రంగులో వంకర తిరిగిన సాక్సాఫోన్. అది వాయించేది ఒక గోవా ఆయన, బక్కపలుచని మనిషి. మొదటి పాట అందరూ కలిసి వాయించారు. బాపు ఎక్కడా తప్పలేదు. నా స్నేహితురాలు సుశీలను మోచేతితో పొడిచి మరీ చూపించాను.

తర్వాత గోవా ఆయన ఒక్కడే ముందుకొచ్చి కళ్లు మూసుకున్నాడు. అదే పాట... కానీ ఇప్పుడు ఏ ముక్కకు ఆ ముక్క విడదీసి, ఒకదాన్ని ఏడిపించి, ఒకదాన్ని పరుగెత్తించి, ఇక తిరిగి రాదనుకున్నప్పుడు మెల్లగా తెచ్చి మా ముందు పెట్టాడు. అంతవరకు అలాంటిది నేను వినలేదు.

అది అయ్యాక ఆయన నవ్వుతూ బాపు వైపు చెయ్యి చాపాడు. ఇక నీ వంతు అని.

బాపు కాగితం తిప్పాడు. అవతల ఏమీ లేదు. రిహార్సల్లో రాసి ఉన్నది మాత్రమే వాయించారు... ఇలా ఒక్కొక్కరూ సొంతంగా వాయించాలని ఎవరూ చెప్పలేదు, బాపుకూ తెలియదు. బూర పెదాలకు ఆనించాడు. ఒక్క స్వరం వచ్చి ఆగిపోయింది. డ్రమ్ములాయన అదే దరువు మళ్లీ మళ్లీ వేస్తూ ఎదురుచూశాడు. వెనక ఎవరో నవ్వారు. తర్వాత ఈల... తర్వాత చాలామంది నవ్వారు.

బాపు బూరను కుర్చీ మీద పెట్టి మెట్లు దిగి వచ్చేశాడు. ముఖమంతా చెమట. "మీ బాపు ఎందుకు దిగొచ్చిండే?" అని సుశీల అడిగింది. కడుపునొప్పి అన్నాను. నేల చీలితే బాగుండనిపించింది... ఇంతమందిని పిలిచింది నేనే కదా.

బాపు, అవ్వ, నేను ముగ్గురం ఇంటికి నడిచాం. ఒక్కరం కూడా మాట్లాడలేదు.

మర్నాడు ఆదివారం. బాపు చర్చికి రానన్నాడు. వెనక అర్రలో ముఖం గోడకు పెట్టి పడుకున్నాడు. అవ్వ వసారాలో ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతోంది, గొంతులోనే పాడుకుంటూ. అప్పుడు వచ్చాడు గోవా ఆయన... ఇల్లు వెతుక్కుంటూ, ఒక చేతిలో తన పెట్టె, చంకలో తువ్వాలలో చుట్టిన బాపు బూర.

అవ్వ పాట ఆపి పీట వేసింది. బాపు లోపలి నుంచి రాలేదు. ఆయన బూరను గడప మీద పెట్టి, పాట ఆపొద్దని అవ్వకు హిందీలో చెప్పాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి తల వంచుకుని మళ్లీ విసరడం మొదలుపెట్టింది. ఆయన సాక్సాఫోన్ తీసి, రాయి తిరిగే చప్పుడుకు తగ్గట్టు, ఆమె పాట వెంట మెల్లగా వాయించసాగాడు.

కాసేపటికి బాపు వచ్చాడు. గడప మీది బూర తీసుకుని, మాకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ముందు అవ్వ పాటనే వాయించాడు. తర్వాత పాట వదిలి సొంత స్వరాలతో పక్కకు పోయాడు... నిన్న గోవా ఆయన పోయినట్టే. తప్పిపోతాడేమోనని నేను ఊపిరి బిగబట్టాను. తిరిగొచ్చాడు. మళ్లీ పోయాడు. చుట్టుపక్కల వాళ్లు నలుగురైదుగురు చేరారు. బాపు మాత్రం ఇటు తిరగలేదు.

అయిపోయాక గోడతోనే చెప్పినట్టు అన్నాడు. "గిది నిన్న రావాలె. నిన్న రాలే."

గోవా ఆయన లేచాడు. బాపు వీపు మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉంచి, రైలుకు వేళయిందని వెళ్లిపోయాడు.

తర్వాత ఇంట్లో బాపు ఎన్నోసార్లు అలా వాయించాడు... కానీ క్లబ్బు ఉన్న వీధిలో మళ్లీ నడవలేదు. చుట్టు తిరిగి పనికి పోయేవాడు. ఊరు కూడా ఆ సాయంత్రాన్నే గుర్తుపెట్టుకుంది. బాపు చనిపోయినప్పుడు పలకరించడానికి వచ్చిన ఒక పెద్దాయన కూడా ఆ సంగతే ఎత్తాడు. నలుగురి మధ్య మళ్లీ పదేళ్ల పిల్లలా తల దించుకున్నాను.

ఈమధ్య హైదరాబాదులో ఒక జాజ్ కచేరీకి మనవడు తీసుకుపోయాడు. సాక్సాఫోన్ వాయిస్తున్న ఒక చిన్నపిల్ల మధ్యలో ఆగిపోయింది. వెనక నుంచి నవ్వు వస్తుందని చూశాను... కానీ ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టారు, ఆ పిల్ల మళ్లీ అందుకునేదాకా కొట్టారు. జనం ఎంత మారారో...

మీ ఇంట్లో ఎవరైనా అలా పదిమందిలో ఆగిపోయిన రోజు ఉందా? ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ వాళ్లతో ఏం మాట్లాడారు... చెప్పండి. మేము ఏమీ మాట్లాడలేదు.