జమ్ములమ్మ విన్న మాటలు

గద్వాల చుట్టుపక్కల పొలాల్లో విత్తన పత్తి వేస్తారు. పొద్దున్నే మగపువ్వు తెంపి, ఆడపువ్వుకు పుప్పొడి అద్దే పని ఆడకూలీలది. ఆ పనిలో జమ్ములమ్మ చెయ్యి చాలా వడి. పువ్వు నలగదు, నోటి మాట ఆగదు. ఆమె కబుర్ల కోసమే పక్క సాలు పట్టేవాళ్లు ఉండేవారు. ఆమె పలకరించని మనిషి ఊళ్లో ఒక్కతే, తోటికోడలు సుభద్రమ్మ. రెండిళ్ల మధ్య మురుగు ఎవరి వైపు పారాలన్న గొడవతో కొన్నేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఒక ఉదయం సాలులో అడుగు వేయగానే జమ్ములమ్మ చీలమండ దగ్గర చురుక్కుమంది. నాగుపాము పత్తిచెట్ల కిందికి జారిపోవడం ఆమె కళ్లారా చూసింది. మంత్రం వేయిద్దామని ఎవరో అన్నారు. భర్త పెద్దన్న వినలేదు. ఆటోలో పడుకోబెట్టి గద్వాల దవాఖానకు బయలుదేరాడు.

"ఎదురుంగొచ్చే లారీ రెండుగ కనపడ్తుంది" అంది దారిలో. కాసేపటికి రెప్పలు వాలిపోయాయి. నాలుక మందమై మాట ముద్దయింది. దవాఖానలో విషానికి విరుగుడు మందు ఎక్కిస్తుండగానే ఊపిరి అందడం తగ్గింది. గొంతులోకి గొట్టం వేసి మిషన్ పెట్టారు.

బయటినుంచి చూస్తే మనిషి కట్టెలా ఉంది. లోపల మాత్రం మెలకువగానే ఉంది. సూది గుచ్చితే నొప్పి తెలిసింది. చెయ్యి లాక్కోవాలనుకుంది, చెయ్యి రాలేదు. పెద్దన్న ఏడుపు వినిపించింది. వెంట వచ్చిన చుట్టం మాసయ్య గొంతు కూడా వినిపించింది.

"ఇగ లేదురా పెద్దన్నా. ఊరికి ఫోన్ జెయ్యి. గుంత తియ్యమను."

'ఉన్న మామా, ఈడనే ఉన్న' అని జమ్ములమ్మ అరిచింది. పెదవి కూడా కదలలేదు.

అప్పుడే నర్సు శైలజ గట్టిగా మందలించింది. "గట్ల మాట్లాడొద్దు. ఇషానికి కాళ్లు చేతులు పడిపోయినయ్ గాని, ఆమె అన్నీ ఇంటుంది. మాట్లాడితే మంచిగ మాట్లాడుండ్రి, జర ధైర్యమొస్తది."

పెద్దన్న ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. గోడవారగా నిలబడిన సుభద్రమ్మ ముందుకొచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆమె కూడా వచ్చిందని జమ్ములమ్మకు అప్పటిదాకా తెలియదు.

"ఏమే, ఇంటున్నవా? నీ మేకలకు తుమ్మకాయ ఏసొచ్చిన. నీ బిడ్డ మా ఇంట్ల అన్నం తింటది, ఏడుస్తలేదు. నీ నల్లకోడి మా పసుల గాటిపాట్ల గుడ్డు పెట్టింది. గుడ్డు నాదే, ఇయ్య. కావాలంటే లేసొచ్చి కొట్లాడు."

అలా చెబుతూనే ఉంది. ఆగినప్పుడల్లా జమ్ములమ్మకు చీకటి మీద పడేది. మళ్లీ ఆ గొంతు వినిపిస్తే పట్టుకోవడానికి ఏదో దొరికినట్టుండేది.

మర్నాడు ముందు రెప్పలు లేచాయి, తర్వాత వేళ్లు కదిలాయి. గొట్టం తీశాక, బొంగురు గొంతుతో డాక్టరు నవనీతను అడిగింది. "అమ్మా, చెవులు ఇన్నయ్ గదా. చెయ్యెందుకు నా మాట ఇనలే?"

డాక్టరు ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "చెయ్యి కదుపుమని నీ మెదడు చెప్పిందమ్మా. ఆ మాట వెన్నుపాములోకి దిగి, అక్కడ్నించి నరం వెంట కండ దాకా వచ్చింది. నరానికీ కండకీ నడుమ సన్నటి సందు ఉంటుంది. నరం కొస నుంచి ఊరే ఒక రసం ఆ సందు దాటి కండను తాకితేనే కండ కదులుతుంది. అది తాకే చోటును విషం మూసేసింది. ఊపిరి తీసే కండలకూ అదే జరిగింది, అందుకే మిషన్ పెట్టాం. విన్నదీ, నొప్పీ మెదడుకు చేర్చే నరాలు వేరు. వాటిని విషం ముట్టలేదు."

"అంటే నేను పోలేదు. నా మాటనే బయటికి రాలే."

"అంతే."

జమ్ములమ్మ ఇంటికొచ్చాక ఆ సంగతి చాలా రోజులు మనసులో తిప్పుకుంది. మాసయ్య అరటిపండ్లు తెచ్చి తలొంచుకుని కూర్చుంటే, "తిను మామా, నువ్వు సగం, నేను సగం" అని ఆయన చేతిలోనే ఒకటి పెట్టింది. మురుగు గొడవ మళ్లీ లేచింది. కాకపోతే ఈసారి తోటికోడళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే కొట్లాడుకున్నారు.

ఆ ఎండాకాలం పక్క వీధి లింగయ్యకు పక్షవాతం వచ్చింది. మాట పోయి మంచాన పడ్డాడు. చూడవచ్చినవాళ్లు ఆయన ఎదుటే ఇక ఎన్నాళ్లని మాట్లాడుకునేవారు. జమ్ములమ్మ వాళ్లను బయటికి పిలిచి మాట్లాడమనేది. తాను పని నుంచి వస్తూ ఆయన దగ్గర కూర్చునేది.

"ఆయనకు మెదడులోనే దెబ్బ తగిలిందట. నీ లెక్క కాదన్నరు డాక్టర్లు" అంది లింగయ్య కోడలు రోజా. "ఇంటుండంటవా అత్తా?"

"నాకేం తెల్సు బిడ్డా. తెల్వనప్పుడు ఇంటుండనే అనుకోవాలె."

ఆమె లింగయ్య వైపు తిరిగి, నిన్నటి గాలివానకు ఎవరి రేకులు లేచిపోయాయో, అవి ఏ చేనులో పడ్డాయో చెప్పడం మొదలుపెట్టింది. రోజా కూడా వచ్చి మంచం కోడు పక్కన కూర్చుంది.