కప్పు లేని గృహప్రవేశం

బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఉరుకుందమ్మకు సర్కారు ఇల్లు మంజూరైంది. గోడలు లేచాక ప్రభుత్వం మారింది, పైకప్పు బిల్లు ఆగిపోయింది. జనం చేరని ఇళ్లు రద్దవుతాయని కాలనీలో పుకారు లేచింది. వార్డు ఎన్నికల్లో ఆమె భర్త ఓడినవాళ్ల వైపు తిరిగాడు. తమదే ముందు పోతుందని భయపడి, ఆమె కప్పు లేని గదిలోనే పాలు పొంగించింది.

తనిఖీకి వచ్చిన ఇంజనీరుకు గ్లాసెడు పాలు అందించింది. "ఇల్లు చేరినాం సార్. ఈడే ఉండాం."

వెంట వచ్చిన, గెలిచిన కౌన్సిలరు తమ్ముడు నవ్వాడు. "చేరినారంట కదా సార్. పూర్తయినట్టు రాసుకోండి."

ఆమె పైకి చెయ్యి చూపింది. "స్లాబు పడల్యా కదప్పా?"

"పాలు పొంగించినాక ఇంగ స్లాబు బిల్లు యాడిదక్కా?"

ఇంజనీరు ఆమె వైపు చూడకుండా పాలు తాగాడు. ఖాళీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, ఫోన్‌లో 'పూర్తి' అని నొక్కాడు.