లీలమ్మ కొట్టిన టెలిగ్రాం

శంషాబాద్‌లో జయశీలన్ ఇంటికి వచ్చేవాళ్ళు ఆయన భార్య లీలమ్మకు నమస్కారమైనా పెట్టకుండా నేరుగా లోపలి గదిలోకి పోయేవారు. ఆ గదినిండా రేకు పెట్టెలు, పెట్టెలనిండా తెల్లదొరల కాలం నాటి టెలిగ్రాం కాగితాలు, వాటి కవర్లు. కరెంటాఫీసులో గుమాస్తాగా రిటైరైన ఆ మనిషి ఆదివారం చర్చి అయిపోగానే కాటేదాన్ పాతకాగితాల గోదాములన్నీ తిరిగి వాటిని ఏరుకొచ్చేవాడు. కాగితం కన్నా కవరు గొప్పదట. చింపితేగానీ కబురు తెలియదు కాబట్టి ఆ రోజుల్లో ఎవరూ కవరును దాచుకోలేదట. వచ్చినవాళ్ళు భూతద్దాలు పట్టుకుని ఆహా ఓహో అంటుంటే, లీలమ్మ టీ అందించి వెనక్కి తిరిగి మూతి తిప్పుకునేది. ఒకదాంట్లో ఎవడో దొర తన గుర్రానికి దాణా పంపమని బళ్ళారి నుంచి అడిగాడు. దొరా పోయాడు, గుర్రమూ పోయింది. దాణా అందిందో లేదోనని ఈయనకు మాత్రం ఇంకా బెంగ.

వాళ్ళమ్మాయి జెరూషాకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. రాత్రి డ్యూటీ చేసి తెల్లారి వచ్చి, నలుగురూ తిరిగే హాల్లోనే ముసుగుతన్ని పడుకునేది. ఆ గది బిడ్డకివ్వమని లీలమ్మ అడగని వారం లేదు. ఆయన తలెత్తకుండా "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"కు అర్థం లేదని ఆమెకు పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. ఒకరోజు జెరూషా నిద్రమత్తులో స్కూటీ మీంచి పడి, మోచేయి చీరుకుపోయి ఇంటికొచ్చింది. జర చూసి నడపాలని చెప్పి, జయశీలన్ మళ్ళీ పెట్టెల దగ్గరికే పోయాడు.

2013 జూలైలో టెలిగ్రాంలు ఆగిపోతున్నాయని తెలిసి ఆయనకు అన్నం సయించలేదు. లీలమ్మ మాత్రం సంచి పట్టుకుని బస్సెక్కి పట్నంలో తారాఫీసుకు పోయింది. అక్కడ జాతర. పుట్టి బుద్ధెరిగాక ఒక్క టెలిగ్రాం ముఖం చూడని పిల్లలు తమకు తామే టెలిగ్రాంలు కొట్టుకుని, రసీదులు పట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. బతికున్నన్నాళ్ళూ పలకరించనివాళ్ళు శవం దగ్గర గుండెలు బాదుకున్నట్టుంది అనుకుంటూ ఆమె వరుసలో నిలబడింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు రాసిచ్చింది.

ఆ రద్దీలో ఆలస్యమై, కొన్నాళ్ళకు పోస్ట్‌మ్యాన్ వచ్చి జయశీలన్ పేరు పిలిచాడు. అంతమంది టెలిగ్రాంలు చదివిన ఆయనకు సొంత పేరున వచ్చినది అదే మొదటిది. కవరు చిరగకుండా బ్లేడుతో అంచు కోశాడు.

"లోపలి గది ఖాళీ చెయ్యాలె. బిడ్డకు నిద్ర లేదు. లీలమ్మ."

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత ముఖం చిట్లించాడు.

"మిషన్ల అచ్చైన కాగితం. దేనికీ పనికిరాదు. మీదికెల్లి నీ పేరెందుకు రాసినవ్? ఒక మాటకు పైసలు దండుగ."

"పేరు లేకుంటే ఎవరో సచ్చిన దొర పంపిండనుకొని పెట్టెల పెడ్తరని రాసిన," అంది లీలమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆయన మొదలుపెట్టి పెట్టెలు ఒక్కొక్కటే మోసి తన మంచం కిందికీ వంటింటి అటక మీదికీ చేర్చాడు. ఆమెను చెయ్యి వేయనివ్వలేదు. సాయంత్రానికి గదిలో జెరూషాకు మంచం పడింది.

తర్వాత ఒక ఆదివారం, ఇలాంటి పిచ్చే ఉన్న హరిప్రసాద్ అనే పెద్దమనిషి పట్నం నుంచి వచ్చి, హాల్లో కూర్చుని ఏదో కవరు గురించి గొంతెత్తి అందుకున్నాడు.

"జర మెల్లగ మాట్లాడుండ్రి. లోపల బిడ్డ పండుకున్నది," అన్నాడు జయశీలన్.

వంటింట్లో లీలమ్మ విన్నది. ఇంట్లో మాట ఈయన చెవికెక్కడానికి నడుమ సర్కారు రావలసి వచ్చిందే అనుకుంటూ టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.