పెన్సిల్‌తో రాసిన పేరు

ఆరేళ్ళుగా ఒక మనిషి నా వల్ల తనను తాను తక్కువ చేసుకుని బతుకుతున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు. రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఇంట్లో ఏ కూర వండామో కూడా రాస్తాను. ఇది మాత్రం ఎన్నడూ రాయలేదు. మీరు నన్ను ఎరగరు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది వేములవాడ దగ్గర మగ్గాల ఊరు. బాపు మరమగ్గం నడుపుతాడు. ప్రతి గురువారం అవ్వ నన్ను మియా సాబ్ ఇంటికి తీసుకుపోయేది. ఆయన సూఫీ గురువు. హిందువులం, ముస్లింలం అందరం ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. నేను మాత్రం ఆయన కోసం కన్నా, వెనక గదిలో ఉన్న నాలుగు బీరువాల పుస్తకాల కోసం పోయేదాన్ని. ఆయనకు చూపు తగ్గాక చదివి వినిపించడం, ఆయన చెప్పింది రాయడం నా పనయింది. “దీనికి నోట్లె మాట లేదు గని చేతిల మస్తున్నది” అని అందరి ముందూ నవ్వేవాడు.

మొదటి గురువు నుంచి ఒకరి తర్వాత ఒకరుగా వచ్చిన పేర్ల వరుసను షజ్రా అంటారు. శిష్యులు దాన్ని పొద్దున్నే చెప్పుకుంటారు. సగం మందికి ఉర్దూ రాదని ఆయన దాన్ని నాతో తెలుగులో రాయించాడు. చివర ఆయన పేరు. దాని కింద, ఆయన తర్వాత గద్దెమీద కూర్చోవలసిన వాడి పేరు పెన్సిల్‌తో రాయాలి. గురువు పోయిన మూడో రోజు అందరి ముందూ ఆ పేరును సిరాతో దిద్ది, అతనికి తలపాగా చుట్టాలి. ఆ ఇంటి ఆచారం అది.

“యూసుఫ్ అని రాయి బిడ్డా” అన్నాడు. రాశాను. “అప్పటిదాంక ఎవ్వలకు చెప్పకు. అయినా నీకు చెప్పాల్నా?” అని మళ్ళీ నవ్వాడు.

యూసుఫ్ మామది బాపు పక్క మగ్గం. చదువు లేదు. వయసంతా మియా సాబ్ వెంటే గడిపాడు.

మియా సాబ్ పోయిన మర్నాడు, ఆదిలాబాద్‌లో టీచరుగా ఉన్న ఆయన కొడుకు నన్ను పుస్తకాల గదిలోకి పిలిచాడు. కాగితం అప్పటికే ఆయన చేతిలో ఉంది. అరవలేదు, బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఇవాళ ఆ భయాన్ని చూపించి తప్పించుకునేదాన్నేమో. యూసుఫ్ కూర్చుంటే గురువారాలు మగ్గాల షెడ్డుకు మారతాయనీ, ఈ ఇంటికి తాళం పడుతుందనీ, పుస్తకాలు తలా కొన్ని పోతాయనీ మెల్లగా చెప్పాడు. “నీ రాత అందరు గుర్తువడ్తరు, నువ్వు రాస్తెనే నమ్ముతరు. తాళంచెవి నీ తాన్నే ఉంచుకో, రోజు వచ్చి చదువుకో” అన్నాడు.

రబ్బరు తీసింది నేనే. గట్టిగా ఒత్తి రాసే చెయ్యి నాది. అక్షరాలు పోయాయి కాని కాగితం మీద వాటి గాడి మిగిలింది. దానిమీదే కొడుకు పేరు రాశాను.

మూడో రోజు తలపాగా ఆయనకు చుట్టారు. పదిహేను రోజుల తర్వాత యూసుఫ్ మామ వచ్చి మా గడపలో కూర్చున్నాడు.

“బిడ్డా, రాసింది నువ్వే గదా. మియా నా గురించి ఏమన్న అన్నడా?”

“ఏమనలే మామా.”

“జర యాది చేస్కో.”

“ఏమనలే.”

నవ్వాడు. “నాకు తలపాగ ఎందుకు తీయ్. మగ్గంల చిక్కుకుంటది. గని ఒక్కపారి నా చెయ్యి వట్టుకొని, ఇగ నువ్వే అన్నట్టు జూసిండు. తర్వాత నా తాన ఏదో తప్పు దొరికినట్టున్నది.” లేవబోయి ఆగాడు. “నాకు సదువు రాదు గదా. కొత్త పేరు కలిపి ఒక్కపారి చెప్పు, నేర్చుకుంట.”

చెప్పాను. ఒక్కో పేరూ నా వెంట పలికాడు. చివరి పేరు దగ్గర నా గొంతు తడబడలేదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది అదే.

గురువారాల్లో యూసుఫ్ మామ ఒకప్పుడు ముందు వరుసలో కూర్చునేవాడు. ఇప్పుడు చెప్పులు విడిచే చోట కూర్చుంటాడు. తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. ఆ పుస్తకాలు నా మనసుకు ఎక్కలేదని చెబితే బాగుండేది. కాని ఎక్కాయి. సంతోషంగా చదివాను. ఇప్పుడు నిజం చెబితే ఇంతమంది నమ్మకం ఏమవుతుంది అని నన్ను నేనే ప్రశ్నించుకుంటాను. ఏ నమ్మకం గురించి నా బెంగ? గద్దెమీద వాళ్ళకున్నదా? లేక నామీద వాళ్ళకున్నదా?

ఈ పొద్దున బాపుకు సద్ది ఇవ్వడానికి షెడ్డుకు పోయాను. మగ్గాలు ఇంకా మొదలు కాలేదు. యూసుఫ్ మామ కళ్ళు మూసుకుని పేర్లు చెబుతున్నాడు, నేను నేర్పిన వరుసలోనే. చివరి పేరు అయ్యాక ఒక మాట చేర్చాడు. “యూసుఫ్ ఏం తప్పు జేసిండో, మాఫ్ చెయ్యి మియా.”

సద్ది అక్కడ పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి డైరీ తీసి మియా సాబ్ పేరు కింద యూసుఫ్ అని రాశాను. ఈసారి సిరాతో. చెయ్యి కొంచెం తేలికైంది.

ఆయనకు చదవడం రాదు.