డ్రమ్ము మీద యాదగిరి లెక్క

ముందే ఒప్పుకుంటున్నాను: నా కలంలో చీమ దూరితే ఏనుగై బయటికొస్తుంది. మీరే తగ్గించుకొని చదవండి. మొన్న ఉప్పల్‌లో వంకాయలు తూయిస్తే, కౌంటర్‌లోని అమ్మాయి సంచీ మీద వేడివేడి స్టిక్కర్ అంటించింది. ఆ కాలిన జిగురు వాసన తగలగానే యాదగిరన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ప్రత్యేక రాష్ట్రం రాకముందు మాట. నాచారంలో ఒక రంగుల ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్ మనిషిని, ఆయన స్టోర్స్ ఇన్‌ఛార్జి. మనిషి తాటిచెట్టంత, గొంతు విప్పితే మల్లాపూర్‌లో షట్టర్లు అదిరేవి. డ్రమ్ము మూత మీద సుద్దతో నిండు బరువు, ఖాళీ డ్రమ్ము బరువు రాసేవాడు. లోపల సరుకెంతో మాత్రం రాసేవాడు కాదు. “తీసివేత ఏడికి పోతది? అడిగినప్పుడు చెప్త” అనేవాడు. నేను డేటాబేస్ కట్టినప్పుడు అదే పద్ధతి పెట్టాను. రెండు బరువులు మేం టైపు కొడతాం, మూడోది కంప్యూటరే లెక్కగట్టి చూపిస్తుంది. నేర్పినవాడి మీద గౌరవంతో ఆ మూడో కాలమ్‌కు ‘యాదగిరి లెక్క’ అని పేరు పెట్టాను. డ్రమ్ములకు వేడివేడిగా లేబుళ్లు వేసే మిషన్ ఆ కాలమ్ పేరునే అచ్చేసేది. మూడేళ్లు సరుకు మా కంపెనీ ఫ్యాక్టరీలు, గోడౌన్ల మధ్యే తిరిగింది కనుక ఎవరూ అడగలేదు.

మొదటిసారి బయటి కంపెనీకి లోడు పోయే రోజున వాళ్ల తనిఖీ మేడం వచ్చింది.

“ఈ యాదగిరి ఎవరు? ఇక్కడ నికర బరువు అని ఉండాలి. మూడింటిలోగా మార్చకపోతే ఆర్డర్ రద్దు.”

మా మేనేజర్ చూసిన చూపుకు ఫ్యాను ఆగిపోయింది. “ఆర్డర్ పోతే నువ్వు గూడ పోతవ్” అన్నాడు.

మామూలు కాలమ్‌కైతే పేరు మార్చనిచ్చే కంప్యూటర్, లెక్కగట్టే కాలమ్‌కు ససేమిరా అంది. తీసేసి కొత్తగా పెట్టుకోవాలట. పదిహేడుసార్లు ప్రయత్నించాను, పదిహేడుసార్లూ ఎర్రక్షరాలే. తీసేస్తే మూడేళ్ల బరువులు గంగలో కలుస్తాయని మీట మీద నుంచి వేలు తీసేశాను. అప్పుడు యాదగిరన్న వచ్చాడు.

“ఏంది తమ్మీ, గట్ల చెమటలు?”

“కాలమ్ తీసేస్తే బరువులన్నీ పోతాయన్నా.”

“అండ్ల బరువులు ఎవలన్న కొట్టిన్రా?”

“లేదన్నా, అది లెక్కే.”

“మరి కొట్టిన రెండు బరువులు ఉన్నయా?”

“ఉన్నాయి.”

“ఇగ ఫికరేంది? రాయనిది చెరిగిపోతదా?” అని నవ్వి, “నా పేరు తీసెయ్. లెక్క ఏడికి పోదు” అన్నాడు.

తీసేశాను. ‘నికర బరువు’ అని కొత్తగా పెట్టాను. రెప్పపాటులో మూడేళ్ల బరువులు, గ్రాము తేడా లేకుండా, పెళ్లివారిలా బారులు తీరి కూర్చున్నాయి. మిషన్ లేబుళ్లు కక్కింది, మేడం తలూపింది. రెండున్నరకే లారీ కదిలింది. దాని హారన్ దమ్మాయిగూడలో వినబడింది. మేనేజర్ స్వయంగా నాకు చాయ్ తెచ్చిచ్చాడు!

ఇప్పటికీ ఏదైనా వదులుకోవడానికి భయమేస్తే, ఇది దాచుకున్నదా, లెక్కగడితే మళ్లీ వచ్చేదా అని ఆయన గొంతుతోనే నన్ను నేను అడుగుతాను. సగం భయాలు అక్కడే ఓడిపోతాయి.

హారన్ గురించి నన్నేమీ అడక్కండి. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, ఆయన నవ్వాడని. నవ్వలేదు. తెర మీదున్న తన పేరును వేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఆ తర్వాతే “తీసెయ్” అన్నాడు.