పిడికెడు బొరుగులు

ఆళ్లగడ్డ బజారులో బొరుగులమ్మే మాధవయ్య శేరు నిండా పోసి, పైన అరచేత్తో ఒకసారి నిమిరి సంచిలో వేస్తాడు. ఒక ఏడాది భార్య శాంతకుమారితో సింగపూరు వెళ్లినప్పుడు తిండి ఖర్చు తగ్గుతుందని పెట్టెనిండా బొరుగులు, పప్పులపొడి తీసుకెళ్లాడు. హోటల్ గదిలో రోజూ అవే నానబెట్టి, కలిపి పెడితే ఆమె విసుక్కుంది. “ఈడికొచ్చి గూడా ఇదేనా? మీ అంగడంతా నాతోనే ఖాళీ చేపిస్తాండారే.” “చివరి రోజు చూద్దువులే,” అన్నాడు మాధవయ్య. అలా మిగిల్చిన డబ్బుతో చివరి సాయంత్రం ఆమెను సముద్రం పక్కనున్న పెద్ద హోటల్లో కూర్చోబెట్టాడు. ఆమె రెండు ముద్దలు తిని, “బొరుగులేమన్నా మిగిలినాయా?” అని మెల్లగా అడిగింది. అవి పొద్దున్నే అయిపోయాయి.

శాంతకుమారి ఇప్పుడు లేదు. నంద్యాల నుంచి వచ్చినవాళ్లెవరైనా విదేశీ ప్రయాణానికని బొరుగులు కొంటే, మాధవయ్య మరో పిడికెడు వేరే పొట్లం కట్టి ఇస్తాడు. “ఇవి చివరి రోజుకప్పా,” అంటాడు.