మాట్లాడొద్దన్న నెలన్నర

పెళ్ళై, హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్ళోని బర్మామైన్స్‌కి వచ్చిన కొత్తలో మా వీధిలో అందరూ ఎప్పుడూ కొట్లాడుకుంటూనే ఉంటారేమో అనుకున్నాను. అవి మామూలు మాటలేనని తర్వాత తెలిసింది. ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క కార్ఖానా. గూడ్సు బండి పోతుంటే పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినబడదు. అందుకని అక్కడ పిల్లా పెద్దా అందరూ గొంతు పెంచే మాట్లాడతారు. కొన్నాళ్ళకి నేనూ అంతే అయ్యాను. అసలే నాది పెద్ద గొంతు.

ఆ గొంతే మా తెలుగు సంఘంలో నాకు పేరు తెచ్చింది. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది నేనే. మైకు లేదు. ఒక హార్మోనియం, ఒక డోలక్. నేను ఎత్తుకుంటే వెనక బెంచీ దాకా వినబడేది. స్త్రీల కూడికల్లో ప్రార్థన కూడా నాదే. ఎవరింట్లో జ్వరం వచ్చినా, ఎవరి ఇంటాయనకి డ్యూటీలో దెబ్బ తగిలినా నాకోసం మనిషిని పంపేవాళ్ళు, అవతలి పేట సీతారాండేరా నుంచి కూడా. వెళ్ళి కళ్ళు మూసుకుని మొదలుపెట్టానంటే పొయ్యి మీది అన్నం మాడినా ఆపేదాన్ని కాను. "మా కోడలు పార్తన సేత్తే నాలుగిళ్ళకి ఇనబడతాది," అని మా అత్త గొప్పగా చెప్పుకునేది. లోలోపల నాకూ గొప్పగానే ఉండేది.

డెబ్బైల చివర్లో ఒక క్రిస్మస్‌కి వారం రోజులు చలిలో, పొగమంచులో ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగాం. కొత్త సంవత్సరం నాటికి నా గొంతు బొంగురుపోయింది. చలికాలం వెళ్ళిపోతున్నా అది బాగుపడలేదు. పాట ఎత్తుకోబోతే చిరిగిన చాటతో చెరిగినట్టు చప్పుడొచ్చేది. మిరియాల పాలు, అల్లం రసం, ఉప్పునీళ్ళు అన్నీ అయ్యాక మా ఆయన ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరు ఒక బెంగాలీ పెద్దమనిషి. నోట్లో చిన్న అద్దం పెట్టి చూశాడు. చేతులు కాయలు కాచినట్టే గొంతు కూడా లోపల కాయలు కాసిందన్నాడు. "నెలన్నర పాటు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు," అని హిందీలో చెప్పి, మా ఆయన వైపు తిరిగి, "ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది," అని నవ్వాడు.

మా ఆయనకి నవ్వు రాలేదు. తిరిగొచ్చేటప్పుడు సైకిలు తొక్కుతూ, వెనక కూర్చున్న నాతో దారంతా కలిపి ఒక్క మాటే అన్నాడు.

"నువ్వు మాటాడకపోతే నానెవుల్తో దెబ్బలాడాలి?"

రెండు గదుల ఇంట్లో మేమిద్దరం, మా అత్త, ఒక కూతురు, ఒక కొడుకు. పిల్లల్ని పిలవాలంటే గరిటెతో కంచం మీద కొట్టేదాన్ని. మా అత్త నాకు చెవుడు కూడా వచ్చిందనుకుందో ఏమో, నాతో మాట్లాడేటప్పుడు మామూలుకంటే రెట్టింపు అరిచేది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు నాతో చేతులు తిప్పుతూ సైగలు చేసేవారు. వాళ్ళకి నోరుందన్న సంగతి వాళ్ళే మర్చిపోయేవారు. మా అబ్బాయి మాత్రం ఈ సంగతిని బాగా వాడుకున్నాడు. ఆడుకోవడానికి వెళ్ళనా అని అడిగి, నేను చేతిలో పని వదిలి సైగ చేసేలోపే "మా నే మనా నహీ కియా" అనేవాడు. అమ్మ వద్దనలేదు కదా అని వీధిలోకి పరుగు.

నాలుగైదు రోజులు గడిచాయో లేదో, వాడు ఆగి ఉన్న వ్యాగను మీదికెక్కి నిలబడ్డం చూశాను. ఇంక డాక్టరూ లేడు, కాయలూ లేవు. వీధి చివరకి వినబడేలా వాడి పేరు పెట్టి అరిచాను. వాడు దిగాడు. నా గొంతులో కారం పోసినట్టు మండింది.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి మా ఆయన ఈ సంగతంతా విన్నాడు. టీ తాగుతూ ఆలోచించాడు.

"ఇంట్లో ఉంటే నీ నోరు ఊరుకోదు. తెల్లారగట్ల లెగిసి ఆ లైను అవతలకెల్లి కూకో. మనుసుల్లేనికాడ ఎవుల్తో మాటాడతావు?"

నేను పొయ్యి వైపు చూపించాను. అది ఎవరు ముట్టిస్తారని.

"పొయ్యి నాను సూసుకుంతాను," అంది మా అత్త. "నువ్వెల్లవే. నీ గొంతు లేకపోతే నాకు ఆదోరం ఆదోరంలాగ నేదు."

అలా నా ఏకాంతం భక్తితో మొదలుకాలేదు. నోరు కట్టెయ్యడానికి ఇంకో దారి లేక మొదలైంది.

రైలు గేటు దాటి కొంచెం నడిస్తే ఎర్రమట్టి మెరక ఒకటి ఉండేది. అక్కడక్కడా బండలు, నాలుగైదు ఇప్పచెట్లు. వెనక్కి తిరిగితే కార్ఖానా పొగగొట్టాలు, ముందుకు చూస్తే దూరంగా దల్మా కొండలు. మొదటి రోజు ఒక బండ మీద కూర్చుని, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన మొదలుపెడదామంటే గొంతు లేదు. మనసులోనే మాటలు పేర్చుకుందామంటే, రెండు మాటలవగానే పప్పు ఉడికిందా, పిల్లాడు లేచాడా అని ధ్యాస ఇంటికి పరుగెత్తింది. గొంతు ఉన్నప్పుడు ఒక మాట ఇంకో మాటని లాక్కొచ్చేది. ఇప్పుడు ఆ తాడు తెగిపోయింది. ప్రభువు కూడా ఇంకా చీకటుండగానే లేచి ఒంటరి చోటికి వెళ్ళేవాడని చిన్నప్పటినుంచీ వింటున్నదే. అక్కడ అంతసేపూ ఆయన ఏం చేసేవాడో అని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆవేళ ఆలోచించాను. జవాబు తెలియక ఇంటికొచ్చేశాను.

తర్వాత కొన్నాళ్ళూ అంతే. విసుగు, దోమలు, ఇంటికి పోదామన్న తొందర.

అప్పుడు ఇప్పపువ్వు రాలడం మొదలైంది. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఒక ఆదివాసీ ముసలమ్మ చెట్టు కింద ఎండుటాకులు ఊడుస్తోంది. రాలిన పువ్వు ఆకుల్లో కలిసిపోకుండా నేలంతా శుభ్రం చేసుకుంటోందన్నమాట. నన్ను చూసి తన భాషా హిందీ కలిపి ఏదో అడిగింది. నేను గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాను. ఆవిడ దగ్గరికొచ్చి నా మొహంలోకి జాలిగా చూసింది.

"గూంగీ?" అంది. మూగదానివా అని.

అవునూ కాదూ మధ్యలో తల ఊపాను. ఆ రోజు నుంచి ఆవిడ లెక్కలో నేను మూగకోడల్ని.

మర్నాడు తెల్లవారుతుండగా వెళ్తే, మెరకంతా తియ్యగా, కొంచెం పులిసినట్టు వాసన. చెట్టు కింద నేల మీద పాల రంగులో పువ్వులు, ముత్యాలకంటే లావుగా, మంచుకి తడిసి ఉన్నాయి. ఇంకా రాలుతూనే ఉన్నాయి. ముసలమ్మ ఒక గంప నా వైపు తోసి, ఏరమన్నట్టు సైగ చేసింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషిని కదా, సంతోషంగా వంగాను.

ఏరుతున్నంతసేపూ ఆవిడ మాట్లాడుతూనే ఉండేది. కాంట్రాక్టు పనికి వెళ్ళే కొడుకు గురించి, గుడ్లు ఎక్కడెక్కడో దాచిపెట్టే కోడిపెట్ట గురించి, చిన్నప్పుడు ఇక్కడ ఎంత అడవి ఉండేదో దాని గురించి. సగం అర్థమయ్యేది. అడ్డం తగిలే వీలు లేదు కాబట్టి చివరిదాకా వినేదాన్ని. అంతకు ముందు ఎవరేం చెప్పబోయినా, వాళ్ళ మాట సగంలో ఉండగానే నేను "ప్రార్థన చేద్దాం" అనేసేదాన్ని. ఆవిడ దగ్గరే నాకు మొదటిసారి ఒకరి కథ మొత్తం వినే అవకాశం దొరికింది.

ఒక ఉదయం ఆవిడ రాలేదు. నేనొక్కదాన్నే ఏరుతున్నాను. గాలి లేదు. ఒక్కో పువ్వూ నేల తాకినప్పుడు చిన్న చప్పుడు. ఒకటి వచ్చి నా ముంజేతి మీద పడింది, చల్లగా. అప్పుడే ఎండ కొమ్మల మధ్యకి దిగింది. కార్ఖానా సైరన్ మోగింది, ఆగింది. నేను ఏమీ అడగలేదు. పిల్లల చదువు, మా ఆయన డ్యూటీ, నా గొంతు, ఒక్కటీ గుర్తు రాలేదు. అడగలేదన్న సంగతి కూడా ఇంటికి వస్తుండగా తట్టింది. ఆ కాసేపూ నాకు తెలిసింది ఒక్కటే. నన్ను చూసి ఎవరో సంతోషపడుతున్నారు. పాట పాడినందుకు కాదు, ప్రార్థన చేసినందుకు కాదు. ఆ చెట్టు కింద ఊరికే ఉన్నందుకు. గేటు దగ్గర గూడ్సు బండి అడ్డమొచ్చింది. మామూలుగా అయితే చిరాకుపడేదాన్ని. ఆవేళ ఒక్కో వ్యాగనూ వెళ్తుంటే నవ్వుతూ నిలబడ్డాను. గేటుమ్యాన్ నన్ను అదోలా చూశాడు.

అప్పటినుంచి తెల్లారగట్ల మెలకువ దానంతటదే వచ్చేది. చెప్పుల్లో కాళ్ళు పెట్టేసరికే మనసు తేలికపడేది.

ఇంట్లో కూడా కొన్ని మారాయి. ఒక మధ్యాహ్నం మా అమ్మాయి నా పక్కన పడుకుని, చాలాసేపు అటూ ఇటూ దొర్లి, చివరికి తెలుగూ హిందీ కలిపి చెప్పింది.

"అమ్మా, నాకు చర్చిలో పాడ్డం మంచిగ లగదు. అందరూ నీలాగే పాడమంతారు. నాకు డోలక్ నేర్చుకోవాలనుంది."

గొంతు ఉండుంటే అప్పుడే పది మాటలు అనుండేదాన్ని. గొంతు లేదు గనక దాని తల నిమిరాను. అది నా మెడ చుట్టూ చేతులేసి నిద్రపోయింది. కూతురి నోట ఈ మాట విని, మా ఆయన ఆ ఆదివారమే డోలక్ వాయించే అన్నయ్యని నేర్పమని అడిగొచ్చాడు.

నెలన్నర అయ్యాక డాక్టరు మళ్ళీ అద్దం పెట్టి చూశాడు. "మాట్లాడవచ్చు. అరవద్దు. ఎత్తుగా పాడొద్దు," అన్నాడు. ముందుగా స్తోత్రం చెప్పుకుందామని ఎన్నాళ్ళనుంచో దాచుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చింది, "మంచిదండీ" అనే మాట. అదీ తెలుగులో. ఆ బెంగాలీ డాక్టరుకి ఏం అర్థమైందో గాని తల ఊపాడు.

మర్నాడు ఇప్పచెట్టు దగ్గరికి వెళ్ళాను. పువ్వు దాదాపు అయిపోయింది, కొమ్మల చివర రాగిరంగు చిగుళ్ళు వస్తున్నాయి. ముసలమ్మ అలవాటుగా కోడిపెట్ట సంగతి ఎత్తుకుంది. నేను మెల్లగా హిందీలో, "ఈసారి గుడ్లెక్కడ దాచింది?" అని అడిగాను.

ఆవిడ చేతిలో గంప అలాగే పట్టుకుని నన్ను చూసింది. తర్వాత కూర్చుండిపోయి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకు మాట లేని రోజుల్లో ఒకసారి ఆవిడ నాకు ఏదో ఆకు పసరు ఇచ్చింది. చేదుగా ఉన్నా, కాదనే నోరు లేక తాగేశాను. దాని వల్లే నాకు మాట వచ్చిందని ఆవిడ నమ్మకం. డాక్టరు సంగతి, మా ప్రార్థనల సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, కాదనకుండా తేల్చేసింది.

"నీ దేవుడు, నా ఆకు. ఇద్దరూ కలిసి చేసుంటారులే."

నాకు వాదించాలనిపించలేదు. ఆ ఆకు మాత్రం ఎవరు మొలిపించారని మనసులో అనుకుని, గంప అందుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు నన్ను ప్రార్థన చేయమన్నారు. అందరూ ఎదురుచూస్తున్నారు. నేను లేచి, కళ్ళు మూసుకుని, ఏమీ మాట్లాడకుండా కాసేపు నిలబడ్డాను. ఫ్యాను చప్పుడు వినబడుతోంది. "తండ్రీ, మేము నీ దగ్గరున్నాం. మాకు సంతోషంగా ఉంది," అని, ఆమెన్ చెప్పి కూర్చున్నాను.

మా అత్త నా డొక్కలో పొడిచింది. "ఏటే, అయిపోనాదేటి?"

"అయిపోయింది అత్తా."

"ఇంకా గొంతు బాగునేదేటి?"

"బాగానే ఉంది."

ఆవిడకి నచ్చలేదు. కాని బయటికొచ్చాక వెనక బెంచీలో కూర్చునే ఒకామె నా చెయ్యి పట్టుకుని, ఆ మౌనంలో తనకి చాలా రోజుల తర్వాత ఏడుపొచ్చిందనీ, మనసు కడిగినట్టయిందనీ చెప్పింది. పాట ఎత్తుకునే పని ఒక కొత్త కోడలికి ఇచ్చారు. చక్కటి గొంతు. నేను అందరితో కలిసి కింది స్థాయిలో పాడేదాన్ని. నా చుట్టూ ఇంతమంది ఇంత బాగా పాడతారని అప్పటిదాకా తెలియదు. నా గొంతే వినబడేది కదా.

మెరక మీదికి వెళ్ళడం మాత్రం మానలేదు. వానాకాలం మొదట్లో ఒకరోజు మా అత్త చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏటుందో అక్కడ, నానూ వత్తాను."

"అక్కడ మాట్లాడకూడదు మరి."

"నానేటి మాటాడతాను?" అంది. గేటు దాటేదాకా మోకాళ్ళ నొప్పి గురించి, సాక్చి బజారులో ఉల్లిపాయల గురించి, తన చెల్లెలి మనవడి గురించి మాట్లాడుతూనే ఉంది. బండ మీద కూర్చున్నాక కూడా ఆపలేదు. అంతలో దల్మా కొండల మీంచి వాన తెరలా కదిలి రావడం కనబడింది. ఎర్రనేల దాటి, చెట్ల పచ్చటి తలలు తడుపుతూ మా వైపే వస్తోంది. ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మొదటి చినుకులు మొహాన పడ్డా లేవలేదు.

"ఎంత బాగుందే," అంది మెల్లగా. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగలదని నాకు తెలియదు.

పూర్తిగా తడిసి దిగుతుంటే, నైట్ డ్యూటీ నుంచి సైకిలు మీద వస్తున్న మా ఆయన గేటు దగ్గర కనబడ్డాడు. తడిసి ముద్దైన అత్తాకోడళ్ళని చూసి బ్రేకు వేశాడు.

"ఏటి, ఇద్దరికీ పిచ్చెక్కిందేటి?"

"నీకూ ఎక్కుతాది, రేపు నువ్వూ రా," అంది మా అత్త. ఆయన సైకిలు దిగి నడిపించుకుంటూ మాతో వచ్చాడు. ముగ్గురం వానలో ఇంటికి నడిచాం.